మా నాన్నగారు రాసిపెట్టిన లెక్క

పోలీసు ఉద్యోగం చేసి వెళ్ళిపోయిన మనిషిని గురించి లోకంలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఇంటివారు, బంధువులు చెప్పేది ఒకటి. ఆయన లాఠీ ఎదుట నిలబడినవారు చెప్పేది మరొకటి. మా నాన్నగారిని గురించి నాలుగు మాటలు రాయాలని మేము నలుగురు తోబుట్టువులము కూర్చున్నప్పుడు మొదట తలెత్తిన ప్రశ్న ఇదే. మరణించినవారి మంచిని తలచుకోవాలి, వారి లోపాలను ఎత్తిచూపరాదు అన్నది మహాప్రవక్త (స) మనకు నేర్పిన మర్యాద. అయితే నాన్నగారు తన లోపాలను తానే ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టి, వాటిని దాచవద్దని మాకు చెప్పి వెళ్ళారు. కనుక ఇందులో మేము ఆయన అనుమతి దాటి రాస్తున్నది ఏదీ లేదు. ఆయన పేరును మాత్రం రాయడం లేదు. పత్రికలలోనూ శిలాఫలకాల మీదా తన పేరు పడడం ఆయనకు ఎన్నడూ ఇష్టం ఉండేది కాదు.

ఆయన 1946లో రాజోలు ప్రాంతంలోని ఒక పల్లెలో జన్మించారు. తాతగారు దర్జీ. కొబ్బరితోటల నడుమ ముస్లింల ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని ఉన్న ఊరు అది. నమాజుకు పిలుపు వినబడాలంటే రెండు కాలువలు దాటి వెళ్ళాలి. 1967లో తూర్పు గోదావరి జిల్లా పోలీసు శాఖలో కానిస్టేబులుగా ఎంపికయ్యారు. ఆ రోజుల్లో రాజోలు నుంచి కాకినాడ వెళ్ళడమంటే అమలాపురం దాకా ఒక బస్సు, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి చేరడం, అక్కడినుంచి మరొక బస్సు. కోటిపల్లి నుంచి కాకినాడకు పూర్వం రైలు ఉండేది కాని, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ పట్టాలను తొలగించుకుపోయారు. అవి మళ్ళీ పడి రైలు తిరిగింది 2004లో. నాన్నగారు పదవీ విరమణ చేసినదీ ఆ సంవత్సరమే. "నేను ఉద్యోగంలో చేరడానికి వెళ్ళినప్పుడు రావలసిన బండి ఇది. ముప్పై ఏడేళ్ళు ఆలస్యం" అని నవ్వేవారు.

కుమారుడు పోలీసులలో చేరడం తాతగారికి నచ్చలేదు. ఆ కొలువులో ధర్మసమ్మతమైన సంపాదన నిలవదని ఆయన భయం. ఊరి మౌల్వీ సాహెబు గారు నచ్చజెప్పారట. మదీనాలో హజ్రత్ ఖైస్ బిన్ సాద్ (రజి) మహాప్రవక్త (స) సన్నిధిలో పోలీసు అధికారి వంటి స్థానంలో ఉండేవారని హదీసులో ఉంది, కనుక కొలువు చెడ్డది కాదు, చేసే చేతిని బట్టి ఉంటుంది అన్నారట. తాతగారు ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు. మొదటి జీతం తప్ప మరే రూపాయి ఆ ఉద్యోగం నుంచి తన ఇంటికి పంపరాదు. బ్రతికినన్నాళ్ళూ ఆయన కుట్టుపని మీదనే బ్రతికారు.

హెడ్ కానిస్టేబులు, ఏఎస్సై, చివరికి ఎస్సై. ప్రమోషన్ల కథ ఇంతే. ఏ పతకమూ రాలేదు. రెండు మెమోలు, ఒక ఇంక్రిమెంటు కోత ఆయన సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి. ఇంక్రిమెంటు కోత ఎందుకని చిన్నప్పుడు మేము ఎంత అడిగినా చెప్పలేదు.

ఆ కాలంలో కానిస్టేబుళ్ళకు నిక్కరు యూనిఫారం. నమాజుకు మోకాళ్ళు కప్పబడాలి గనుక నాన్నగారి సంచిలో ఎప్పుడూ ఒక లుంగీ ఉండేది. అంతర్వేది తీర్థంలోనైనా, జగ్గన్నతోట ప్రభల బందోబస్తులోనైనా వేళ కాగానే ఏ కొబ్బరిచెట్టు చాటునో లుంగీ చుట్టుకుని నమాజు పూర్తిచేసి మళ్ళీ డ్యూటీలో నిలబడేవారు. తోటి కానిస్టేబుళ్ళు ఆ పది నిమిషాలు ఆయన పాయింటు కాచేవారు. వారి పండుగలకు ఆయన సెలవు పెట్టుకోకుండా నిలబడేవారు, ఈదు నాడు వారు ఈయనకు సెలవు ఇప్పించేవారు. మత సామరస్యమని పెద్ద పేరు పెట్టి చెప్పుకునే సంగతిని ఆ స్టేషన్లలో డ్యూటీ చిట్టా మీద సర్దుకునేవారు.

కోనసీమలో పోలీసు ఉద్యోగమంటే దొంగల కన్న నీటితో ఎక్కువ పని. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ, సముద్రపు ఒడ్డున ఉన్న నేల ఇది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను ఈ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ కొలమానంగా వాడతారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం పోయిందని లెక్క. అప్పుడు నాన్నగారు లంక గ్రామాల నుంచి జనాన్ని నావలలో గట్టుకు చేర్చే పనిలో ఉన్నారు. మనుషులు వస్తారు గాని పశువులను విడిచి రారు. గేదె తాడు విప్పి ఈతకు వదిలితే గట్టు చేరుతుందని నమ్మించి, ఇల్లాలిని నావ ఎక్కించడానికి ఒక్కొక్క ఇంటి దగ్గర గంట పట్టేదట. ఆ అయిదు రోజులూ ఆయన ఎక్కడున్నారో అమ్మకు తెలియదు. ఇంటికి వచ్చేసరికి కాళ్ళ వేళ్ళ మధ్య చర్మం ఊడిపోయి ఉంది.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి మంట లేచింది. 65 రోజులు ఆరలేదు. మార్చి నడిమికి గాని అదుపులోకి రాలేదు. చుట్టుపక్కల గ్రామాలను ఖాళీ చేయించి కాపలా పెట్టారు. నాన్నగారిది రాత్రి కాపలా, కాని అక్కడ రాత్రి అన్నదే లేదు. మైళ్ళ దూరం దాకా ఆకాశం ఎర్రగా ఉండేది, ఆ హోరులో పక్క మనిషి మాట వినబడేది కాదు. ఆ 65 రోజుల నడుమ రమజాన్ నెల కూడా వచ్చింది. చీకటి పడని ఆ చోట ఉపవాస విరమణకు చేతి గడియారమే ఆధారం. "నరకాగ్నిని గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ నెలలో విన్నది ఒక్కటే ప్రసంగం, అది బావిలోనుంచి వచ్చింది" అని తరువాత మాతో అనేవారు.

మరుసటి సంవత్సరం, 1996 నవంబరు 6 రాత్రి తుపాను. కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఐ.పోలవరం, ముమ్మిడివరం, కాట్రేనికోన మండలాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. భైరవపాలెం వైపు రొయ్యపిల్లల వేటకు వెళ్ళినవారిలో ఎందరో తిరిగిరాలేదు. మా ఇంటి పెంకులు లేచిపోయాయి, తాతగారు నాటిన చెట్లు పడిపోయాయి. అయినా నాన్నగారు పన్నెండు రోజులదాకా ఇంటి ముఖం చూడలేదు. ఆయన పని శవ పంచనామాలు రాయడం. నీటిలో నాని గుర్తుపట్టడానికి వీలులేని దేహాలకు ఎత్తు, రంగు, ఒంటిమీది బట్ట, చేతి పచ్చబొట్టు, వేలి ఉంగరం, ఇవన్నీ రాయాలి. ఎవరో ఒకరు ఆ కాగితం చూసి తమవారని గుర్తుపట్టవచ్చు. ఏ కులమో, ఏ మతమో తెలియని దేహాలు. ప్రతి దేహం ముఖాన్నీ తుడిపించి, బట్ట కప్పించిన తరువాతనే కలం పట్టేవారని ఆయనతో పనిచేసిన రైటరు గారు మాకు చెప్పారు. ఒక యూదుని పాడె వెళుతుంటే మహాప్రవక్త (స) లేచి నిలబడ్డారు, అతడు యూదుడు కదా అంటే అది కూడా ఒక ప్రాణమే కదా అన్నారు. ఈ సంఘటనను నాన్నగారు ప్రసంగంలా ఎప్పుడూ చెప్పలేదు. ఆ పన్నెండు రోజుల మాట వస్తే మాత్రం చెప్పేవారు.

ఇక సంపాదన సంగతి. 1995లో రాష్ట్రంలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, రెండేళ్ళు నడిచింది. గౌతమి అవతలి ఒడ్డున యానాం ఉంది. అది పుదుచ్చేరి పాలనలోనిది, అక్కడ నిషేధం లేదు. ఎదుర్లంక రేవుకు ఇంకా వంతెన రాలేదు. రాత్రిపూట నావలలో ఏమి దాటుతుందో కోనసీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. రేవు కాపలా పడిన పోలీసు నిద్రపోతే చాలు, నెలకు ఒక జీతం కాదు, మూడు జీతాలు. నాన్నగారు ఆ రేవులో నాలుగు నెలలు ఉన్నారు. ఒకనాటి సాయంత్రం ఎవరో మా ఇంటికి ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు రెండు, ఒక బుట్టెడు కొత్తపల్లి కొబ్బరి మామిడిపండ్లు దింపి వెళ్ళారు. మేము పెట్టె విప్పి చెరొకటి నోట్లో పెట్టుకునే లోపల నాన్నగారు వచ్చారు. ఒక్క మాట అనలేదు. తిన్న నాలుగు పూతరేకుల వెల కట్టి, మిగతావాటితో కలిపి ఆ రాత్రే తీసుకువెళ్ళి ఇచ్చి వచ్చారు. మరునాడు అమ్మ ముందు కూర్చోబెట్టి ఇబ్నుల్ లుత్బియ్య సంగతి చెప్పారు. అజ్ద్ తెగకు చెందిన ఆయనను మహాప్రవక్త (స) జకాతు వసూలుకు పంపారు. తిరిగివచ్చి, ఇది ప్రజాధనం, ఇది నాకు వచ్చిన కానుక అని రెండు కుప్పలు పెట్టాడు. తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదేమో చూసుకోమని ప్రవక్త (స) మందలించారు. "మనము దర్జీ ఇంట్లో కూర్చుని ఉంటే పూతరేకులు వచ్చేవా?" అని నాన్నగారు అడిగారు. ఆ ప్రశ్న మా ఇంట్లో సామెత అయిపోయింది. ఇప్పటికీ ఎక్కడినుంచైనా కారణం తెలియని బహుమతి వస్తే మా పిల్లలు అదే మాట అంటారు.

ఇంట్లో ఆయన ఎలా ఉండేవారు? బయట అందరికీ పోలీసు గాని మాకు కాదు. లాఠీ, బెల్టు వీధి అరుగు మీదనే విడిచి లోపలికి వచ్చేవారు. దర్జీ కొడుకు గనుక మా బొత్తాలు, అమ్మ రవికెలు, పరుపు గలీబులు అన్నీ ఆయనే కుట్టేవారు. మహాప్రవక్త (స) ఇంట్లో తమ బట్ట తామే కుట్టుకునేవారని, ఇంటివారి పనిలో చేయి వేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి ఎవరైనా ప్రసంగంలో చెబితే అమ్మ మావైపు చూసి నవ్వేది. మా అమ్మానాన్నల నికాహ్ 1971లో జరిగింది. మహరు అయిదు వందల రూపాయలు. మహరు కాగితం మీద రాసుకుని, భర్త పోయినప్పుడు శవం పక్కన ఆ ఇల్లాలిచేత క్షమించాననిపించే దురాచారం మన ఇళ్ళలో ఎంతగా పాతుకుపోయిందో పాఠకులకు తెలుసు. దుఃఖంలో ఉన్న స్త్రీ నోట పెట్టించిన ఆ మాటను క్షమాపణ అనడం మాకైతే అన్యాయంగా తోస్తుంది. నాన్నగారు నెలకు ఇరవై, ముప్పై చొప్పున రెండేళ్ళలో మహరు మొత్తం చెల్లించారు. అమ్మ ఆ డబ్బుతో కుట్టుమిషను కొనుక్కున్నది. అది ఇప్పటికీ నడుస్తోంది.

పెద్దక్కయ్యను అమలాపురం ఎస్.కె.బి.ఆర్. కళాశాలలో చేర్పించినప్పుడు బంధువులలో గొణుగుడు వచ్చింది. ఆడపిల్లను అంత దూరం బస్సులో పంపుతావా అన్నారు. "నేను రోజూ ఆ దారిలోనే డ్యూటీ చేస్తున్నాను. ఆ దారి నా కూతురికి భద్రంగా లేకపోతే నేను చేస్తున్నది ఏమి ఉద్యోగం?" అని ఆయన జవాబు. మా అన్నదమ్ముల పెళ్ళిళ్ళలో కట్నం అన్న మాట ఎత్తనివ్వలేదు. పెళ్ళివారు బలవంతంగా పంపిన బీరువాను లారీ మీదనే తిప్పి పంపారు.

58వ ఏట పదవీ విరమణ. ఈ వయస్సును 1983లో ప్రభుత్వం ఒక్కసారిగా 55కు తగ్గించినప్పుడు ఎందరో సీనియర్లు చేతిలో అన్నం పళ్ళెం ఉండగానే లేపినట్లు ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. తరువాత 58కి పెంచారు, 2014లో 60, 2022లో 62. అమలాపురంలో కట్టుకున్న చిన్న ఇంటి అరుగు మీద నాన్నగారు మరొక కొలువు ప్రారంభించారు. ఎవరైనా వచ్చి తమ కష్టం చెబితే ఫిర్యాదు రాసిపెట్టడం. దానికి రుసుము లేదు. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని, అరెస్టు చేసిన మనిషిని ఇరవై నాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని, సాక్ష్యం కోసం స్త్రీలను స్టేషనుకు పిలిపించరాదని, వారి ఇంటికే వచ్చి విచారించాలని ఆయన ప్రతివారికీ చెప్పేవారు. ఈ హక్కులన్నీ నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఉన్నవి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల అంకెలు మారినా ఈ హక్కులు అలాగే ఉన్నాయి. పాఠకులు గుర్తుంచుకోదగినవి గనుక ఇక్కడ రాశాము.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలింది. ఇరవై మందికి పైగా మరణించారు. రమజాన్ నెల రావడానికి కొద్ది రోజుల ముందు, శుక్రవారం నాడు. నాన్నగారికి అప్పటికి 68 ఏళ్ళు. ఆటో మాట్లాడుకుని వెళ్ళిపోయారు. మూడు రోజులు అక్కడే ఉన్నారు. కాలిపోయిన ఇళ్ళ వారికి రేషను కార్డు, భూమి పత్రం ఏదీ మిగలలేదు. ఏ కాగితం ఎవరినడిగితే వస్తుందో, పంచనామా నకలు ఎందుకు దాచుకోవాలో, నష్టపరిహారపు దరఖాస్తులో పేరు అక్షరం తప్పు పోతే ఎంత తిరగవలసివస్తుందో చెబుతూ కూర్చున్నారట. ఆ ఊరినుంచి వచ్చినవారు ఆయన జనాజాలో మాకు ఈ మాట చెప్పేదాకా మాకు పూర్తిగా తెలియదు.

2022 మే 24న అమలాపురం మండిన రోజు పాఠకులు మరచి ఉండరు. కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ గారి పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన ప్రదర్శన, మంత్రి, శాసనసభ్యుల ఇళ్ళకు నిప్పు పెట్టేదాకా పోయింది. పోలీసులకు రాళ్ళ దెబ్బలు తగిలాయి. తరువాత చాలా రోజులు ఇంటర్నెట్టు లేదు. ఆ సాయంత్రం నాన్నగారు మేము వద్దన్నా వినకుండా మా సందులో ప్రతి ఇంటి తలుపూ తట్టి, మగపిల్లలు ఇంట్లో ఉన్నారా అని తల్లులను అడిగి వచ్చారు. ఎవరి పక్షమూ మాట్లాడలేదు. "కేసులో ఒక్కసారి పేరు పడితే పాస్‌పోర్టు వెరిఫికేషను దగ్గర ఆగిపోతుందమ్మా. కువైట్ వీసా వచ్చినా విమానం ఎక్కలేడు" అన్నది ఒక్కటే ఆయన మాట. గల్ఫు జీతాల మీద పొయ్యి వెలిగే వీధి మాది. అందరూ విన్నారు.

ఇప్పుడు నోటు పుస్తకం సంగతికి వస్తాము.

2007లో నాన్నగారు హజ్ యాత్రకు సంకల్పించారు. పదవీ విరమణ సొమ్ములో ఖర్చుకు తగినంత మొదటే వేరుగా తీసి పెట్టారు. యాత్రకు ముందు అప్పులు తీర్చుకోవడం, కష్టపెట్టినవారిని క్షమాపణ అడగడం మన ఆచారం. ఆ సమయంలోనే ఒక శుక్రవారం ఖుత్బాలో దివాలా తీసిన మనిషిని గురించిన హదీసు విన్నారు. ప్రళయదినాన ఒకడు నమాజులు, ఉపవాసాలు, జకాతు మోసుకుని వస్తాడు. కాని ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిని కొట్టి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు. అతని పుణ్యాలు వారికి పంచబడతాయి, అవి చాలకపోతే వారి పాపాలు అతని మీదకు వస్తాయి. నాన్నగారు మసీదు నుంచి వచ్చి అన్నం తినలేదు. పడమటింట్లో కూర్చుని రాత్రిదాకా ఏదో రాశారు. దైవం హక్కును దైవం క్షమించవచ్చు, మనిషి హక్కును ఆ మనిషే క్షమించాలి, నాకు ఉన్న లెక్క ఎక్కువ అని అమ్మతో అన్నారు.

ఆ పుస్తకంలో పదకొండు పేర్లు. ప్రతి పేరు ఎదుట సంవత్సరం, ఊరు, ఏమి జరిగింది. కేసు డైరీ రాసినట్లే రాశారు, తన పేరు ఉండవలసిన చోట 'నేను' అని రాసుకున్నారు. ఇంక్రిమెంటు కోతకు కారణం మాకు అందులోనే తెలిసింది. ఒక కుర్రవాణ్ణి చట్టం అనుమతించిన ఇరవై నాలుగు గంటలు దాటి రెండు రాత్రులు లాకప్పులో ఉంచారు. పై అధికారి చెప్పారన్నది ఆయన అప్పటి సమాధానం. 'చెప్పినది ఆయన, తాళం వేసినది నేను' అని పుస్తకంలో రాశారు.

హజ్‌కు ముందు నాలుగు నెలలు ఆయన బస్సులలో, సైకిలు మీద, పంటుల మీద తిరిగారు. తోడు రమ్మంటే మమ్మల్ని రానివ్వలేదు, అందుచేత ఏ ఇంట్లో ఏమి జరిగిందో ఆయన చెప్పినంతే మాకు తెలుసు. ఒక గీత కార్మికుడు మొదట భయపడి పెరట్లోకి వెళ్ళిపోయాడట. సంగతి విన్నాక, "పోనిద్దురూ హెడ్డుగారూ, ఎప్పటి మాటండి అది! నాకే గుర్తులేదండి" అని బొండాం కొట్టి ఇచ్చాడట. లాకప్పులో ఉంచిన కుర్రవాని తల్లి మొదటిసారి తలుపు తీయలేదు. రెండవసారి తీసి, ఆ రెండు రాత్రులు తాను స్టేషను ఎదుటి చెట్టు కింద కూర్చున్న సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది, ఈయనను నిలబెట్టే చెప్పింది. మూడవసారి వెళ్ళినప్పుడు కూర్చోమంది.

ఇలా ఏడు పేర్ల ఎదుట టిక్కు పడింది. ఒక పేరు దగ్గర పెన్నుతో గట్టిగా కొట్టి మళ్ళీ రాసిన గుర్తులు ఉన్నాయి. ఆయనది సైకిలు రిపేరు దుకాణం. 1979లో దొంగతనం అనుమానం మీద తీసుకువచ్చినప్పుడు నాన్నగారు కొట్టిన దెబ్బకు ఒక చెవి వినికిడి పోయింది. దొంగ ఆయన కాదని వారం రోజులకు తేలింది. నాన్నగారు వైద్యం ఖర్చు, పరిహారం ఇస్తానన్నారు. ఆయన తీసుకోలేదు, క్షమించనూ లేదు. నాన్నగారు హజ్‌కు వెళ్ళి వచ్చాక జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు పట్టుకెళ్ళారు. నీళ్ళు తీసుకుని మాట తీసుకోలేదు. ఆ తరువాత ప్రతి సంవత్సరం రమజానుకు ముందు ఒకసారి వెళ్ళి ఆ దుకాణం ముందు కాసేపు కూర్చుని వచ్చేవారు. అడగడం మానేశారు, వెళ్ళడం మానలేదు.

నాన్నగారు 2023లో, 77వ ఏట, మూడు రోజుల జ్వరంతో మరణించారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. జనాజా నమాజుకు ముందు, మరణించినవారు ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, మేము తీరుస్తాము అని వారసులు ప్రకటించడం ఆనవాయితీ. మాలో పెద్దవాడు ఆ ప్రకటన చేసి, నాన్నగారు చెప్పిన ప్రకారం మరొక మాట చేర్చాడు. యూనిఫారంలో ఉండగా వారి వల్ల దెబ్బ తిన్నవారు, మాట పడినవారు ఉంటే దయచేసి చెప్పండి. మసీదు నిశ్శబ్దమైపోయింది. వెనుక వరుసల ఆవల స్టేషను సిబ్బంది, ఇరుగుపొరుగు హిందూ సోదరులు నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. సైకిలు దుకాణం ఆయన గేటు దగ్గర కనిపించారని మా తమ్ముడు చూశాడు. నమాజు ముగిసేసరికి లేరు.

ఆస్తి పంపకం విషయం క్లుప్తంగా చెబుతాము, ఎందుకంటే ఇది చాలా ఇళ్ళలో ఏళ్ళ తరబడి నానుతుంది. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, ఆ తరువాత మూడవ వంతు మించని వీలునామా, మిగిలినది వారసులకు. ఇది దివ్య ఖుర్ఆన్ ఆదేశాల ప్రకారం నడిచే క్రమం. నాన్నగారికి 96 సెంట్ల కొబ్బరితోట ఉంది. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదవ వంతు, అంటే అమ్మకు 12 సెంట్లు. మిగిలిన 84లో కుమారునికి రెండు వంతులు, కుమార్తెకు ఒక వంతు లెక్కన అన్నదమ్ములకు 28 చొప్పున, అక్కచెల్లెళ్ళకు 14 చొప్పున. మా వాటా వద్దులే అని ఆడపిల్లలచేత అనిపించే అలవాటు మన ప్రాంతంలో బలంగా ఉంది. నాన్నగారు ఇది ఊహించి, ముందు రిజిస్ట్రేషను చేయించండి, వాటా చేతికి వచ్చాక వారు ఇవ్వదలచుకుంటే అప్పుడు ఇచ్చుకోనివ్వండి అని రాసిపెట్టారు. అలాగే చేశాము. వారు ఇవ్వలేదు. సంతోషం. దింపు డబ్బు ఇప్పుడు అయిదు కవర్లలో పంచుతున్నాము. ఫ్యామిలీ పెన్షను అమ్మ పేర ప్రభుత్వం ఇచ్చేది గనుక అది పంపకంలోకి రాదని ధర్మవేత్తలు చెప్పారు. అది ఆమెది.

అమ్మ ఇద్దత్ ముగిసిన తరువాత మేము అన్నదమ్ములిద్దరమూ సైకిలు దుకాణానికి వెళ్ళాము. టీ తెప్పించారు. నాన్నగారి చివరి రోజులను గురించి అడిగి తెలుసుకున్నారు. మేము విషయం ఎత్తగానే చేయి అడ్డం పెట్టి, "మీ నాన్నతో నాకున్నది మా ఇద్దరి మధ్యదండి. మీతో తీరేది కాదు" అన్నారు. రమజానుకు ముందు నాన్నగారి బదులు మాలో ఎవరో ఒకరము వెళుతున్నాము. రావద్దని ఆయన అనలేదు.

కువైట్‌లో ఉన్న ఒకాయనను ఫోనులో పట్టుకున్నాము. చాలాసేపు మాట్లాడి చివరికి క్షమించానన్నారు. అది ఎనిమిదవ టిక్కు. మిగిలిన ఇద్దరు ఒక లంక గ్రామం వారు, అన్నదమ్ములు. ఊరిలో వారి ఇళ్ళున్న వైపు గోదావరి కోతకు కొట్టుకుపోయింది. మొన్న వేసవిలో వెళ్ళి అడిగితే ఆ కుటుంబం ఆలమూరు వైపు తరలిపోయిందన్నారు, ఏ ఊరో ఎవరికీ సరిగా తెలియలేదు. వరదలు తగ్గగానే మళ్ళీ వెళతాము.